చిన్నగంట కొండకు పోయిన రోజు

కేథలిక్కుల పూజ ముగిసి ఆఖరి ముసలమ్మ గడప దాటగానే అపొలోనియా మరియమ్మ విగ్రహానికి అడ్డంగా ఆకుపచ్చ తెర లాగి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. లూథరన్లు వచ్చేలోగా సాంబ్రాణి పొగ బయటికి పోవాలి. కాస్త వాసన మిగిలినా వాళ్లు పనిగట్టుకుని దగ్గుతారు. ఆ దగ్గు వాళ్ల తాతల నాటి నుంచీ వస్తున్నదే. పొగకు మాత్రం తొందరేమీ లేదు. ఏటి మీది మంచు లోపలికి వస్తూ, లోపలి పొగ బయటికి పోతూ కిటికీ దగ్గర ఎదురుపడి, ఎవరికి ఎవరు దారివ్వాలో తేలక అక్కడే తచ్చాడుతున్నాయి.

హోల్డర్‌బాఖ్‌లో గుడి ఒక్కటే. ఎప్పుడో పరాయి సైన్యం ఊరిని తగలబెట్టి పోతే మిగిలిన రాతిగోడలవి. రెండు మతాలవాళ్లకూ వేరే కట్టుకునే స్తోమత లేక, దాన్నే పొద్దులు పంచుకుని వాడుకున్నారు. బల్లలు అవే, చలి అదే, మధ్యలో తెర లాగే మనిషి ఒకరు. ఆ పనిలో చేరిన కొత్తలో అపొలోనియా జడ నడుం దాకా ఉండేది. ఇప్పుడు తలగుడ్డ కింద పిడికెడు తెల్లజుట్టు. కారిన మైనం గీకి గీకి బొటనవేలి గోరు చదునైపోయింది. మోకాళ్లు రాతినేలకు ఎంత అలవాటుపడ్డాయంటే, పరుపు మీద పడుకున్నప్పుడే నొప్పెడతాయి.

ఆమె తండ్రి కేథలిక్, తల్లి లూథరన్. అలాంటి పెళ్లిళ్లకు ఊళ్లో ఒక ఒప్పందం ఉండేది: కొడుకులు తండ్రి వైపు, కూతుళ్లు తల్లి వైపు. అందుకే అన్న ఫెల్టెన్ ముందు పూజకు పోయేవాడు, ఆమె తర్వాతి ఆరాధనకు. వాడు బల్ల సందులో అక్రోటు కాయ దాచి వస్తే, ఆమె వెళ్లి తీసుకునేది. పెద్దయ్యాక వాడు ద్రాక్షసారా పీపాలు బిగించాడు, ఆమె గుడి ఊడ్చింది. పెళ్లిళ్లు ఇద్దరికీ కుదరలేదు. ఒక పొయ్యి, రెండు ప్రార్థనలతో జీవితం గడిచిపోయింది.

ఇప్పుడు ఫెల్టెన్ మంచంలో ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు డాక్టరు.

ఊళ్లో కేథలిక్ పోతే చిన్నగంట, లూథరన్ పోతే పెద్దగంట మోగుతుంది. కేథలిక్కులు కొండమీద కొత్త గుడి కట్టుకున్నారు. ద్రాక్షకోతలు మొదలైతే మనుషులు దొరకరని ఈ ఆదివారమే చిన్నగంటను బండి మీద తీసుకుపోతున్నారు. అక్కడ గోపురం ఇంకా సగంలోనే ఉంది. బిషప్పు వచ్చి దీవించేదాకా గంట గడ్డిలో పడుకోవాల్సిందే. ఈలోగా పోయినవాళ్లకు గంట లేదు. హోల్డర్‌బాఖ్‌లో గంట లేకుండా పోవడమంటే, విందుకు పిలిచిన ఇంటినుంచి చెప్పకుండా వెళ్లిపోవడం లాంటిది.

లూథరన్ల ఆరాధన కూడా అయ్యాక ఆమె ఇంటికి వెళ్లింది. పక్కింటి మార్లీస్ చంటిదాన్ని ఒళ్లో వేసుకుని ఫెల్టెన్‌కు కాపలా కూర్చుంది. పిల్లకు ఎక్కడ జలుబు అంటుతుందోనని శాలువా మీద శాలువా చుట్టి, ముక్కు మాత్రం బయటికి ఉంచింది. పెదనాన్న పొద్దుట్నించీ రెండు చెంచాల సూపు కూడా తాగలేదని గుసగుసగా చెప్పింది.

"వాళ్లు బండి కట్టారటే?" అని చెల్లెల్ని అడిగాడు ఫెల్టెన్ కళ్లు మూసుకునే.

"కడుతున్నారు."

"నేనే ఆలస్యం చేశానే లోనీ. పీపాలు మాత్రం ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు."

ఆమె వాడి మెడ కింద దిండు సర్ది, మళ్లీ గుడికి పోయింది. గోపురం కింద తాళ్లు పట్టుకున్న మగవాళ్లను, ఒక్క వారం ఆగరాదా అని అడిగింది. ఎందుకో చెప్పలేదు. చెబితే అన్న చావు కోసం ఎదురు చూస్తున్నట్టుంటుంది.

"మా గంట పోతుంటే లూథరన్‌దానివి నీకెందుకు అత్తా బెంగ?" అని నవ్వాడు పెంకులు నేసే బాల్టజార్. అయినా టోపీ కాస్త పైకెత్తి, మర్యాదగానే అన్నాడు.

నిద్రపోతున్న పిల్లను దించినట్టు గంట గోపురంలోంచి మెల్లగా దిగింది. ఇన్నేళ్లూ తాడు లాగిందే గాని, ఆమె దాన్ని ఇంత దగ్గరగా చూడలేదు. అంచు మీద పావురాల రెట్ట, లోపల సాలీడు గూడు. తలగుడ్డ కొసతో తుడవబోయి చేయి వెనక్కి తీసుకుంది.

బండి ఆ అన్నాచెల్లెళ్ల వీధిలోంచే పోయింది. అప్పటికి ఆమె మంచం పక్కన కూర్చుని ఉంది. చక్రం రాయెక్కి దిగేసరికి గంట ఊగి, ఒక్కసారి తనంతట తానే మోగింది. ఆ మోత ఇంట్లోకి వచ్చి, గిన్నెల్లో కాసేపు ఉండి పోయింది.

ఫెల్టెన్ కళ్లు తెరిచాడు. "నాకేనా?"

అవునంటే వాడు హాయిగా కళ్లు మూసుకునేవాడేమో. కానీ వాడితో ఏనాడూ అబద్ధమాడలేదు.

"నీకెందుకవుతుంది? నువ్వింకా ఉన్నావుగా."

వాడికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక నిద్రపట్టింది. ఏటి మీంచి మంచు లేచి, ఎదురింటి గోడ, దాని మీది తీగ, చివరికి వీధి కూడా ఒక్కొక్కటే కరిగిపోయాయి. ఎప్పుడో ఆ తెల్లదనంలోనే వాడి ఊపిరి కూడా కలిసిపోయింది. చేయి పట్టుకుని కూర్చున్న ఆమెకే వెంటనే తెలియలేదు.

మార్లీస్‌ను కూర్చోబెట్టి గుడికి నడిచింది. చిన్నగంట తాడు దిగే చోట కప్పులో చిల్లు మాత్రమే ఉంది. ఆమె పెద్దగంట తాడు పట్టుకుంది. ఎవరినీ అడగలేదు. ఎదురుగా లూథరన్ పాస్టరుగారి కిటికీ తెరుచుకుంది. ఆయన ఆమెను చూశారు. కిటికీ మెల్లగా మూసుకుంది. గంట మోగుతూనే ఉంది.

తిరిగి వచ్చేసరికి ఇంటిముందు మనుషులు టోపీలు తీసి నిలబడ్డారు. మంచులో వెనక ఎవరొచ్చారో వాళ్లు చూడలేదు. పెద్దగంట కదా, ఈ ఇంట్లో లూథరన్ ఒక్కతే కదా. పాపం అన్నకు చాకిరీ చేసి చేసి తనే ముందు పోయిందనీ, ఇక ఫెల్టెన్‌ను ఎవరు చూస్తారనీ అనుకుంటున్నారు. ఆమె తన గురించి మంచిమాటలు కాసేపు విన్నది. ఇంకొంచెం వినాలనిపించింది కూడా.

బాల్టజార్ వెనక్కి తిరిగి, బిగుసుకుపోయాడు.

"అత్తా… మరి గంట ఎవరికి?"

"అన్నకు."

"అది మీ గంట కదా."

"ఊళ్లో ఉన్నది అదొక్కటేగా నాయనా. ఇచ్చాను."

కేథలిక్ ఆడవాళ్లు నుదుటి మీద, గుండె మీద శిలువ గుర్తు వేసుకున్నారు. లూథరన్లు తలలు వంచారు. అందరూ ఆమెకు దారిచ్చారు.

లోపల దుప్పటి సరిచేయబోతే కాళ్ల దగ్గర ఏదో బరువు తగిలింది. అన్న కాళ్లు వెచ్చగా ఉండాలని మధ్యాహ్నం ఆమే పొయ్యిలో వేడిచేసి, పాత మేజోడులో చుట్టి పెట్టిన ఇటుక. తీసి ఒళ్లో పెట్టుకుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది.