కోటగోడ మీద ఎర్రగుడ్డలు

ఇటు జరుగు బిడ్డా, నా మోకాలికి ఆనుకుని కూర్చో. ఈ కథ దూరం నుంచి వినేది కాదు.

మన పాలమూరు దిక్కు, కృష్ణ ఒడ్డున, గుట్ట మీద ఒక సంస్థానం కోట ఉండేది. రాజులు ఏ చెరువు తవ్వించారో, ఏ కరువులో గాదెలు తెరిచారో, ఎవరిని ఉరి తీయించారో, అన్నీ తాటాకుల మీద, కాగితాల మీద రాయించి ఒక రాతిగదిలో దాచారు. ఆ గదిని కాచేది కాటమయ్య ఇల్లు. అతనికి ఒక్క అక్షరం రాదు. అయినా వానలు వెనకబడి ఎండ గట్టిపడగానే కట్టలన్నీ విప్పి, నీడపట్టున గాలికి ఆరబెట్టి, వసకొమ్ము పొడి చల్లి మళ్ళీ కట్టేవాడు. కట్టేది ఎర్రగుడ్డలోనే. ఎరుపంటే పురుగుకు పడదని వాళ్ళ తాతల మాట.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. నైజాం పోయాడు, సంస్థానమూ పోయింది. ఆ కట్టలు ఇక సర్కారువి, వాటిని భద్రం చేయాలి అని పైనుంచి హుకుం వచ్చింది. తాలూకా కచేరీ అధికారి, పేష్కారు రఘుపతిరావు వచ్చి కాటమయ్యను నిలబెట్టి చెప్పాడు.

"ఒక్క ఆకు పురుగు తిన్నా నిన్ను జైల్ల ఏస్త. నేనొచ్చేవరకు అన్ని ఆరవెట్టి, కట్టి పెట్టు."

ఆలుమగలిద్దరూ పనికి దిగారు. కాటమయ్య పెండ్లాం గుర్వమ్మ గుడ్డలన్నీ కుంకుడురసంలో ఉతికింది. ఉతుకుతూ ఊరుకుంటుందా?

"పెండ్లాం చీర చినిగితే నీ కంటికి ఆనది. సచ్చిన రాజుల గుడ్డ మాసిందంటే మాత్రం పానం కొట్టుకుంటది."

"జర మెల్లగ మాట్లాడే. లోపల రాజులు ఇంటరు."

"ఇననియ్యి. ఇన్నోళ్ళు ఒక చీరన్న ఇయ్యనియ్యి."

నవ్వుకుంటూనే తడిగుడ్డలన్నీ కోటగోడ మీద వరుసగా పరిచారు. ఏటా పరిచే చోటే. ఎర్రజెండా సంఘపోళ్ళను పట్టడానికి గుట్ట కింద మిలిటరీ డేరాలు వేసుకుని ఉందన్న సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ ఆ డేరాల నుంచి చూస్తే తమ గోడ ఎలా కనిపిస్తుందో ఒక్కరికీ తట్టలేదు.

సిపాయిలు "లాల్ ఝండా! లాల్ ఝండా!" అని అరుస్తూ గుట్ట ఎక్కారు. కాటమయ్య పారిపోలేదు. వాళ్ళ బూట్లు ఆరబెట్టిన ఆకుల మీద పడతాయని, వాటి మీద అడ్డంగా బోర్లా పడుకున్నాడు.

"తొక్కకుండ్రి సారూ, ఇరిగిపోతయి!"

అందుకే ఎక్కువ దెబ్బలు తిన్నాడు. ఏదో దాస్తున్నాడనుకున్నారు. తడి ఎర్రగుడ్డతోనే చేతులు వెనక్కి విరిచి కట్టి, కిందికి డేరాలకు ఈడ్చుకుపోయారు. వాళ్ళతో వచ్చిన వంటవాడికి తెలుగు వచ్చు. వాళ్ళ జమాదారు మాట అతను గుర్వమ్మకు చెప్పాడు. "పొద్దుగూకే లోపట మీ ఆఫీసరొచ్చి, వీడు మా మనిషే అంటే ఇడుస్తరు. లేకుంటే లేదు."

గుర్వమ్మ కొంగు నడుముకు చెక్కి తాలూకాకు ఉరికింది. పేష్కారు అన్నం తింటున్నాడు.

"సారూ, నీ కాళ్ళు మొక్కుత! ఒక్క మాట చెప్పు, ఆయన్ను ఇడుస్తరు."

"కట్టలు ఏడున్నయి?"

"ఆడనే, బైట."

"ఇడిసిపెట్టి వచ్చినవా! మేకలు మేస్తే ఎవలు జవాబు చెప్పాలె? నీ మొగడా?"

జీపు తీయించి, ఆమెను వెనక ఎక్కించుకుని బయలుదేరాడు. గుట్ట మొదట్లో ఆమె డేరాల వైపు చేయి చూపింది.

"ఇటు సారూ!"

"ముందు సర్కారు సొమ్ము. మనిషి యాడికి పోతడు?"

గదిలో కట్టలు కట్టింది గుర్వమ్మే. ఒక్కో ముడి పడుతుంటే మొగుడికి ఒక్కో అడుగు దగ్గరవుతున్నట్టు చేతులు పరుగెత్తాయి. పొద్దు గోడ దిగుతోంది. పేష్కారు ఒక కట్ట ఎత్తి ఊపి చూశాడు.

"ఇది వదులైంది. ఇప్పి మళ్ళ కట్టు."

విప్పింది. కట్టింది. తలుపు వేశాడు, తాళం వేశాడు, లక్క కరిగించి ముద్ర ఒత్తాడు. అప్పుడే కింద నుంచి తుపాకీ మోత వినిపించింది. గుర్వమ్మ గుట్ట దిగి డేరాలకు ఉరికింది. పేష్కారు తల తిప్పలేదు. లక్క గట్టిపడేదాకా ముద్ర మీద బొటనవేలు తీయలేదు.

"పారిపోబోయిండట," అన్నాడు వంటవాడు, నేల చూస్తూ. కాటమయ్య చేతులు మాత్రం వెనక్కి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

కాటమయ్య ఇంట పోయినవాళ్ళను కాల్చేది కోట వెనక, గోడ పక్కన. పాడె అటు తిప్పగానే పేష్కారు జీపు దిగి అడ్డం వచ్చాడు.

"ఈ గుట్ట ఇప్పుడు సర్కారు రక్షణల ఉన్నది. ఈడ నిప్పు పెట్టొద్దు. కాగితాలున్నయి."

"ఆ కాగితాలకు జిందగంత గాలి సూపిండు సారూ. ఆయనకు ఇంత నిప్పు సూపనియ్యవా?"

"రూలు ఉన్నది. పో."

పోయింది. ఏటి ఇసుకలో, అడిగి తెచ్చిన పచ్చికట్టెల మీద కాల్చింది. పొగే ఎక్కువ లేచింది. తెల్లారేదాకా ఆ మనిషి కాలీ కాలకుండా ఉన్నాడు.

ఆ కట్టలు పట్నంలో అద్దాల బీరువాల్లో చల్లగా ఉన్నాయట బిడ్డా. గోడకు రాజుల పేర్లు రాశారట. నీకు చదువుంది, ఎప్పుడైనా పోతావు. పోయినప్పుడు ఆ అద్దం ముందు నిలబడి కాటమయ్య పేరు గట్టిగా అను, పక్కనున్న వాళ్ళు ఉలిక్కిపడి చూడాలి. ఎవరతను అని అడిగితే, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. చెప్పేటప్పుడు గుర్వమ్మను వదలకు.