గాలిలో తిప్పిన తాళం

నేను ఒక కారు తాళంచెవిని. చూస్తే మాత్రం మీరు ఆ మాట అనరు. నాకు పళ్ళు లేవు, మెడ లేదు, కన్నంలో దూరి తిరిగే యోగం అంతకన్నా లేదు. అరచేతిలో పట్టే నల్లటి బిళ్ళని. కడుపులో బొత్తామంత సెల్లు, గోరంత బోర్డు ఉంటాయి. నేను దగ్గరికొస్తే కారు గుర్తుపట్టి తలుపు తెరుస్తుంది. నేను లోపల ఉంటే బొత్తాం నొక్కగానే స్టార్టవుతుంది. అంటే నా ఉద్యోగమంతా దగ్గరుండటమే. పెళ్ళిళ్ళలో పెద్దమనుషులు చేసేదీ అదే కనుక నాకేమీ నామోషీ లేదు.

నన్నూ నా కవలనూ ఒకే రోజు తయారుచేసి ఒకే కారుకు పరిచయం చేశారు. ఆ కారు మా ఇద్దరినీ తన జ్ఞాపకంలో రాసుకుంది. అది రాసుకున్నవాళ్ళకే పలుకుతుంది, పక్కవాడు ఎంత బతిమాలినా పలకదు. మా లోకంలో చుట్టరికమంటే అదే.

రాజమండ్రి షోరూములో మమ్మల్ని అందుకున్నవాడు మేడిశెట్టి కోటిలింగం. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి అప్పుడే రిటైరైన డ్రైవరు. పక్కన ఆయన భార్య మంగతాయారు, జడలో కనకాంబరాలతో. పూజారి కారు ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నాకు పసుపూ కుంకుమా పూసి ఆయన చేతిలో పెట్టాడు. కోటిలింగం నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని ఎక్కడ పెట్టి తిప్పాలయ్యా?"

"తిప్పక్కర్లేదండి. జేబులో ఉంటే చాలండి," అన్నాడు షోరూము మనిషి.

"తిప్పకుండా బండెలా కదులుద్ది?"

ఆయనకు నచ్చలేదు. సీట్లో కూర్చున్నాడు, స్టీరింగును తాకి కళ్ళకద్దుకున్నాడు, నన్ను గుప్పిట్లో పట్టుకుని గాలిలోనే మణికట్టు ఒకసారి కుడివైపు తిప్పాడు. ఆ తరువాతే బొత్తాం నొక్కాడు. షోరూము మనిషి నవ్వు ఆపుకోలేకపోయాడు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. కానీ ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా ఆయన అలా తిప్పకుండా బండి తీయలేదు, మెల్లమెల్లగా నాకదే అలవాటైపోయింది. అందరు తాళాల్లాగా నేనూ తిరుగుతున్నానని ఒక చిన్న గర్వం.

నా కవల ఎక్కువ కాలం బతకలేదు. కార్తీకమాసంలో కోటిలింగం దాన్ని మొలతాడుకు కట్టుకుని గోదావరిలో మూడు మునకలు వేశాడు. పుణ్యం ఆయనకు దక్కింది, కవల గోదారమ్మకు దక్కింది. ఇక నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని నాకు ఒక తోడు తగిలించారు, ఒక ఇత్తడి విజిలు. పన్నెండేళ్ళు ఆయన బస్సులో కండక్టరుగా చేసిన నూకరాజు, ఈయన రిటైర్మెంటు రోజున గుర్తుగా ఇచ్చిన విజిలది.

బాగా బతికాం. ఉదయాన్నే బండి చుట్టూ తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూసేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే నన్ను తాయారు చేతికిచ్చి, డిపోలో అప్పజెప్పినట్టే చెప్పేవాడు. "బండి కండిషన్ బాగుంది. బ్రేకు కొంచెం లూజు." బ్రేకుకు ఏ రోగమూ లేదు. ఏదో ఒకటి చెప్పకపోతే డ్యూటీ దిగినట్టు ఉండదు ఆయనకు. తాయారు "సరేలెండి" అని నన్ను గూట్లో పెట్టేది.

ఆమెకు కూడా కాలవగట్టు మీద తనే డ్రైవింగు నేర్పాడు. లైసెన్సు వచ్చిన వారానికే ఆమె కొబ్బరిడొక్కల కుప్పలోకి బండి ఎక్కించింది. అంతే, మళ్ళీ ముట్టుకోలేదు. ఆ కథ చెప్పి ఆయన చుట్టాలందరినీ నవ్వించేవాడు.

తరువాత ఆయన మరిచిపోవడం మొదలుపెట్టాడు. ముందు పేర్లు, తరువాత తారీఖులు, తరువాత తిన్నాడో లేదో. రాజమండ్రి డాక్టరు తలకు ఫోటోలు తీయించి, మందులు రాసి, తాయారును పక్కకు పిలిచి చెప్పాడు. "బండి మాత్రం ఇవ్వకండమ్మా." చెప్పడం ఎంత తేలికో చూడండి. ముప్పై ఎనిమిదేళ్ళుగా డ్రైవరుగా బతికిన మనిషి దగ్గర్నుంచి బండి ఎలా తీసుకోవాలో ఆ చీటీలో రాయలేదు.

తాయారు నన్ను దాచి చూసింది. బియ్యం డబ్బాలో, పాత చీరల మడతల్లో, ఓసారి ఆవకాయ జాడీ వెనక. ఆయన ఇల్లంతా తిరిగేవాడు, గుమ్మంలో నిలబడి జేబులు తడుముకునేవాడు. ఆ చేతులు చూడలేక ఆమే నన్ను తీసి, "ఇదిగో, ఇక్కడే ఉందండీ," అని ఇచ్చేసేది. మొగుడి ప్రాణమా, మొగుడి పరువా అని రోజూ లోపల్లోపలే నలిగిపోయేది పాపం.

ఒక రోజు బజారు వీధిలో స్కూలు పిల్లల ఆటోకు జానెడు దూరంలో బ్రేకు పడింది. నేను ఆయన చొక్కా జేబులో ఉన్నాను. ఆయన దిగి, ఆటోవాడిని, "బాబూ, మేడిశెట్టి కోటిలింగం ఇల్లెటు?" అని అడిగాడు. తన ఇల్లే. ఆటోవాడు పిల్లల్ని బడి దగ్గర దించి వచ్చి, ఆయన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కారును ఇంటికి చేర్చాడు.

మర్నాడు పొద్దున తాయారు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, తాళం నాకిచ్చేయండి. ఇంక మీరు బండి తియ్యొద్దు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "తాళం డ్రైవరు దగ్గరుంటది. లేకపోతే డిపోలో ఉంటది. ఇంట్లో ఇచ్చేసేది కాదు, తాయారూ."

ఆమె మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట ఎంత గుచ్చుకుందో చెంబులు పెట్టిన చప్పుడే చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆమె పిండిమరకు వెళ్ళింది. కోటిలింగం ట్రంకుపెట్టె తెరిచి ఖాకీ చొక్కా తీసి తొడుక్కున్నాడు. కారు జోలికి పోలేదు. నన్ను జేబులో వేసుకుని నడిచి డిపోకు వెళ్ళాడు. గేటు గదిలో ఉన్నవాడు కొత్తవాడు, ఈయన్ను ఎరగడు. ఖాకీ చూసి లేచాడు.

"బండి అప్పజెప్పేస్తన్నాను బాబూ," అన్నాడు కోటిలింగం. "బ్రేకు బానే ఉంది. నడిపేవాడే బాలేడు. ఇంకెప్పుడైనా నేనొచ్చి అడిగినా ఇవ్వకు."

నన్ను బల్లమీద పెట్టే ముందు గుప్పిట్లో పట్టుకుని గాలిలో ఒకసారి తిప్పాడు, ఈసారి ఎడమవైపుకు. బండి ఆపినట్టు. నేను పుట్టాక అంత బాధ ఎప్పుడూ పడలేదు. కొత్తవాడు ఎవరో ఆఫీసరు కారు తాళం కాబోలనుకుని నన్ను బోర్డు మీద మేకుకు తగిలించాడు. కోటిలింగం ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేసరికి ఈ సంగతంతా మరిచిపోయాడు.

తరువాత ఇంట్లో జరిగినదంతా తాయారు తన చెల్లెలికి ఫోనులో చెబుతుంటే, నేను మళ్ళీ ఇల్లు చేరాక విన్నాను. బియ్యం డబ్బా గుమ్మరించిందట, పరుపులు దులిపిందట, పిండి కూడా జల్లెడ పట్టిందట. ఆయన కూడా మంచాల కింద దూరి వెతికాడట. వెతికి వెతికి, "నేనే పారేశానా తాయారూ?" అని అడిగాడట. ఆమెకు కోపం వచ్చింది. అడిగినప్పుడు చేతికివ్వకుండా ఎక్కడో పారేసుకున్నాడని కోపం.

కారు అంగుళం కదలదు. వచ్చేవారం గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. బస్సులో తీసుకెళ్దామా అంటే, ఈయన లేచి వెళ్ళి డ్రైవరును సీట్లోంచి లేవమంటున్నాడు. చివరికి, ఎవరు నడిపినా తాళం ఉండాలి కదా అని, రాజమండ్రి నుంచి బాషా అనే తాళాలాయన్ను పిలిపించింది. పెద్ద మనిషి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని కారు కాగితాలూ ఆమె ఆధారూ ఒకటికి రెండుసార్లు చూశాడట. స్టీరింగు కింద ఒక పెట్టె తగిలించి, కొత్త తాళాన్ని కారుకు పరిచయం చేశాడట.

"పాతది దొరికే ఆశుందా అమ్మగారూ? లేదంటే దాన్ని కారు మర్చిపోయేలా చేసేస్తానండి. ఎవడికి దొరికినా బండి పలకదు."

"చేసేయండి," అంది తాయారు.

నేను ఆమెను తప్పుపట్టను. ఆ నిమిషంలో నేను మేకుకు వేలాడుతూ గోడ గడియారం చూస్తున్నాను. నాకేమీ తెలియలేదు. ఒకరి జ్ఞాపకంలోంచి మనం చెరిగిపోతుంటే ఎక్కడో కలుక్కుమంటుందని అంటారు. అదంతా ఉత్తిదే, ఏమీ అనదు.

సెలవు మీద వెళ్ళిన నూకరాజు పదో రోజున డిపోకు వచ్చాడు. బోర్డు మీద తన విజిలు చూసి నిలబడిపోయాడు. కొత్తవాణ్ణి అడిగి అంతా రాబట్టి, నన్ను పట్టుకుని నేరుగా ఇంటికి వచ్చాడు. కోటిలింగం లోపల నిద్రపోతున్నాడు. నూకరాజు అరుగు మీద కూర్చుని ఆ మాటలన్నీ ఉన్నవున్నట్టు చెప్పాడు.

"వదినగారూ, అన్నయ్య పారెయ్యలేదండి. తెలివిగా ఉన్న గంటలో వచ్చి అప్పజెప్పేశాడు. తనొచ్చి అడిగినా ఇవ్వద్దన్నాడంట."

తాయారు గడప మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నేను అడిగినందుకేనయ్యా. నా ముందు ఇవ్వలేక అక్కడికెళ్ళి ఇచ్చొచ్చారు. నేనేమో పది రోజులు మాట్లాడకుండా అన్నం పెట్టాను," అంది.

నూకరాజు వెళ్ళాక నన్ను పట్టుకుని కారు దగ్గరికి నడిచింది. నేను పిలిచాను. ఆరేళ్ళ అలవాటుతో, ఉన్న సెల్లంతా ఖర్చుపెట్టి పిలిచాను. కారు పలకలేదు. నేనెవరో దానికి తెలియదు. మీకు చెప్పుకోవడానికి సిగ్గేమిటి, ఆ క్షణం చెత్తబుట్టలో పడినా బాగుండుననిపించింది.

తాయారు నన్ను కొంగుతో తుడిచింది. ఫోనులో బాషా, "తీసుకురండమ్మా, మళ్ళీ కలిపేస్తాను," అన్నాడు. "వద్దండి, ఇదిలాగే ఉండాలి," అంది ఆమె. అప్పటికి నాకు అర్థం కాలేదు.

గురువారం పొద్దున కోటిలింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి జేబులు తడుముకుంటున్నాడు. తాయారు వచ్చి నన్ను ఆయన చేతిలో పెట్టింది.

"ఇదిగోండి మీ తాళం. భద్రంగా మీ దగ్గరే ఉంచండి. ఇవాళ స్టీరింగు నేను పట్టుకుంటాను. మీరు పక్కన కూర్చుని చెప్పండి."

ఆయన విజిలును వేలితో రాసి చూసుకున్నాడు. "డొక్కల్లోకి ఎక్కించవు కదా?" అన్నాడు. అది మాత్రం మరిచిపోలేదు, చూశారా.

కొత్త తాళం ఆమె చేతిసంచిలో, రుమాలు కింద ఉంది. బెల్టు పెట్టుకుంది, బ్రేకు మీద కాలు పెట్టింది, బొత్తాం మీద వేలు పెట్టి ఆగింది. ఆయన కోసం ఆగింది. కోటిలింగం నన్ను గుప్పిట్లో పట్టుకుని, గాలిలో మణికట్టు కుడివైపు తిప్పి, విజిలు ఊదాడు. అప్పుడు ఆమె బొత్తాం నొక్కింది.

కారు స్టార్టయింది.

"చూశావా, ఇంకా పనిచేస్తంది," అన్నాడు నన్ను చూసుకుంటూ.

"మీరు తిప్పాక చెయ్యకుండా ఎక్కడికి పోద్దండీ," అంది తాయారు, అద్దంలో వెనక చూసుకుని గేరు వేస్తూ.