మానేసినావిడ

వాంతి మరక ఓ పట్టాన సబ్బుకు లొంగదు. పెరటి కుళాయి దగ్గర గొంతుక్కూచుని ఆమె తన డ్యూటీ కోటును బండకేసి రుద్దుతోంది. ఇంట్లో వాషింగ్ మెషిన్ లేక కాదు. "అందులో వెయ్యకమ్మా, మా బట్టలూ అందులోనే పడతాయి" అని ఆమె ఉద్యోగంలో చేరిన మొదటిరోజే అత్తగారు చెప్పేసింది. అత్తగారి కొడుకు పార్టీకెళ్ళొచ్చి చొక్కా నిండా కక్కుకున్న రోజున మాత్రం ఆ మెషిన్ కిక్కురుమనకుండా తిరిగింది. మగవాడి కక్కుకు కంపుండదు కాబోలు.

ఆమె ఉద్యోగం ఆసుపత్రి ఎమర్జెన్సీలో. తాగి పడిపోయినవాళ్ళనూ, మాత్రలు మింగి మింగి మనిషి కాకుండా పోయినవాళ్ళనూ తీసుకొస్తే వాళ్ళ మంచం పక్కన కూర్చోవడమే పని. ఒకప్పుడు తానూ తాగింది, మానేసింది. అదే ఆమె చదువు, అదే అర్హత. ముందు "కూర్చోనా?" అని అడగాలి. వద్దంటే లేచి పోవాలి. సరేనంటే, వాళ్ళనేమీ అడక్కముందే తన సంగతి చెప్పుకోవాలి. రోజుకో కొత్త మనిషి ముందు ఒంటిమీది బట్ట తీసినట్టే ఉంటుంది. డాక్టర్లకు ఆమె పేరుతో పనిలేదు. "ఆ మానేసినావిడను పిలవండి" అంటారు. తుడిచేవాడు రాకపోతే "మీకు అలవాటేగా" అని తుడుపుకర్ర కూడా ఆమె చేతికే ఇస్తారు.

ఇంట్లో బాగోతం ఇంకో రకం. భర్త చుట్టాలందరికీ ఆమె రిసెప్షనిస్టని చెప్పి పెట్టాడు. అత్తగారు మాత్రం "గుడ్డిదానికి గుడ్డిది దారి చూపడం, దానికో జీతం!" అని మూతి తిప్పుతుంది. "మా అమ్మాయిని చూసి నేర్చుకో. నోట్లో నాలుక లేని పిల్ల" అంటుంది. ఆ పిల్ల అత్తవారింటి నుంచి మొన్ననే వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె డ్యూటీలో ఉండగా భర్త ఆ చెల్లెలినే ఎమర్జెన్సీకి మోసుకొచ్చాడు. ఆడపడుచు చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమట, ఆగని వాంతులు. చెల్లెల్ని మంచం మీద వదిలి భర్త ఆమెను గోడ వారకు లాగాడు.

"నిద్రమాత్రలు. రోజూ గుప్పెడు మింగుతోందట. అమ్మ నిన్న చూసి అన్నీ పారబోసింది. డాక్టరుకు తిన్నది పడలేదని చెప్పా. నువ్వున్నావు కదా, మాట బయటికి పోదని ఇక్కడికే తెచ్చా."

"ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయండీ. ప్రాణం మీదికొస్తుంది."

"దానికో కాపురం ఏడిచింది. నీలాగా నలుగురి నోళ్ళలో పడమంటావా?"

డాక్టరు అప్పటికే సెలైన్ పెట్టి పంపేద్దామంటున్నాడు. ఆమె భర్త ముఖంలోకి చూసింది. చెల్లెలు పోయినా ఫరవాలేదు, పరువుంటే చాలు ఈ మనిషికి. ఈయనేనా తను తాగుడుతో దొరికిపోయిన రోజున తల బాదుకున్నది? పొయ్యి మీద గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మితే, వంటింటి నేల మీద తాగి పడున్న తనను చూసి, "ఎంత మోసం చేశావే మమ్మల్ని!" అని తల్లీ కొడుకూ శోకాలు పెట్టారు. ఆ మాట గుండెలో ముల్లులా ఉండిపోయింది. తాగుడు మానడం ఒక ఎత్తు, ఆ మోసానికి ప్రాయశ్చిత్తం ఇంకో ఎత్తు. బండకేసి బట్టలుతకడం, మాటలు పడటం, నెలజీతం నోరెత్తకుండా అప్పగించడం, అన్నీ అందుకేగా. లోకంలో ఎవరికీ తెలియకుండా తాగగలిగిన దొంగ తను.

ఆడపడుచు వద్దన్నా డాక్టరుకు చెప్పక తప్పదు. కానీ ముందు ఆ పిల్లనే అడగాలి. ఆ ఇంట్లో దాన్ని ఎవరు అడిగారు కనక?

"మీరు బయటికెళ్ళండి. బంధువులు ఉండకూడదు."

"నువ్వు మాత్రం బంధువ్వి కాదూ?"

"నేనిక్కడ మానేసినావిడను."

ఆయన్ను దాటి వెళ్ళి తెర లాగింది. "కూర్చోనా?"

"అమ్మ చంపేస్తుంది వదినా." మంచం మీద కాస్త పక్కకు జరిగి, "కూర్చో" అంది ఆడపడుచు.

"నేనూ తాగేదాన్ని. ఎవరికీ తెలియకుండా, లవంగాలు నమిలి..."

"తెలుసు వదినా."

"ఆ రోజు పొగ వచ్చాక కదా..."

"అంతకు చాలా ముందే. మాకందరికీ తెలుసు. నీ దగ్గర వాసనొస్తోందని నేనే అమ్మకు చెప్పా. పనులన్నీ జరుగుతున్నాయిగా, కదిలిస్తే పని మానేస్తుంది, ఊరుకోమంది. అన్నయ్యా అదే అన్నాడు."

ఆమె చేతులు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి.

"మా ఇంట్లోనూ అంతే" అంది ఆడపడుచు, పళ్ళు కొట్టుకుంటుంటే. "మాత్రలు మా ఆయనే తెచ్చిస్తాడు. రాత్రిళ్ళు ఏడవకుండా పడుంటానని."

డాక్టరు తెర తీసుకుని లోపలికొచ్చాడు. ఆడపడుచు ఒకసారి వదిన వైపు చూసి, "నాకు తిన్నది పడక కాదండీ. నిద్రమాత్రలు. ఏళ్ళ తరబడి వాడుతున్నా. నిన్న మా అమ్మ ఆపేసింది" అంది. డాక్టరు ముఖం మారింది. పంపడం కుదరదు, చేర్చుకోవాలన్నాడు, సిస్టర్‌ను కేకేశాడు.

తెర అవతల నుంచి భర్త గొంతు వినిపించింది. "పరువు గంగలో కలిపావు కదే! అయిందా, నీ కడుపు చల్లబడిందా? బయటికి రా. ఇంటికి పద, అమ్మ ముందే తేలుద్దాం నీ సంగతి."

ఆమె లేవలేదు. ఆడపడుచు నుదుటి చెమట కొంగుతో అద్దుతోంది.

"వదినా, అన్నయ్య ఇంటికి రమ్మంటున్నాడు" అంది ఆడపడుచు భయంగా.

"ఏ ఇంటికి?" అంది ఆమె.