ముందు రేటు, తర్వాతే అడ్రసు

ఆ పొద్దున కూడా తాళాలవాడికి వాళ్ళమ్మ బాగానే తలంటింది. "బజార్లో నిన్నేమంటున్నారో తెలుసా? బాదుడు బాబట. వినలేక చస్తున్నా."

"బాదుడంటే దోపిడీ కాదమ్మా," అన్నాడు వాడు చెప్పులేసుకుంటూ. "దోచుకునేవాడు అడక్కుండా లాక్కుంటాడు. మేం రేటు ముందే చెప్తాం, వాళ్ళు సరేనంటారు. కరెంటు బిల్లు బాదట్లేదూ? దాంతో ఎవరైనా చచ్చారా?"

ఆవిడ ఏదో అనబోతే దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆయాసం మనిషి. కాస్త తేరుకుని, "మన తలుపు తాళం పట్టేస్తోందిరా, చూడు," అంది. సాయంత్రం చూస్తాలే, లోపల్నుంచి తాళం వేసుకో అని వెళ్ళిపోయాడు.

ఆ పేటలో తాళాలవాళ్ళు ముగ్గురు. నన్నడిగితే ముగ్గురూ ముగ్గురే. వాళ్ళకో కట్టుబాటుంది. ఫోనొస్తే ముందు రేటు, అది కుదిరాకే అడ్రసు. బేరం ఇంకొకడి దగ్గర్నుంచి వచ్చిందని తెలిస్తే, వాడు చెప్పినదానికి రెట్టింపు చెప్పాలి. అప్పుడు అడిగినవాళ్ళు చచ్చినట్టు మొదటివాడి దగ్గరికే పోతారు.

మధ్యాహ్నం ఏదో కొత్త నంబరు నుంచి ఫోను. ఆడగొంతు, వణుకుతోంది. "మెట్ల గోడ మీద మీ నంబరు చూశామండీ. తాళం బిగుసుకుపోయింది. లోపల పెద్దావిడకి ఊపిరాడట్లేదు."

వాడికి అమ్మ గుర్తొచ్చింది. ఊళ్ళో పెద్దావిడలకేం కరువా అని సర్దిచెప్పుకున్నాడు. "ముందెవర్నైనా అడిగారా?"

"అడిగాం. రెండు వేలన్నాడు."

"నాలుగు," అన్నాడు అలవాటుగా.

ఫోను పెట్టేశారు. క్యారేజీ విప్పాడుగానీ ముద్ద దిగలేదు. అమ్మకి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. కునుకు తీస్తోందేమోలే అనుకుంటూనే మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

ఇంతలో ఆ నంబరే మళ్ళీ మోగింది. "మొదటాయన ఫోను ఎత్తట్లేదండీ. నాలుగువేలూ ఇస్తాం, రండి. అడ్రసు రాసుకోండి."

రాసుకునే పని లేకపోయింది. అది వాడి ఇల్లే.

ఎలా వెళ్ళి పడ్డాడో వాడికే తెలీదు. తాళం తియ్యడానికి నిమిషం కూడా పట్టలేదు. అమ్మ తలుపు వెనకే పడుంది. ఒళ్ళింకా వెచ్చగానే ఉందిగానీ, మనిషి లేదు.

పక్కవాటాల్లోవాళ్ళంతా కొత్తగా దిగినవాళ్ళే, వాణ్ణెవరూ ఎరగరు. ఫోను చేసినావిడ కళ్ళొత్తుకుంటూ నోట్లు వాడి జేబులో పెట్టింది. "తలా ఇంత వేసుకున్నామండీ, సరిచూసుకోండి. పాపం, ఈవిడ కొడుకు ఎక్కడో తాళాల పని చేస్తాట్ట. ఆ అబ్బాయికి ఎవరు చెప్తారో ఏమో."