పిల్లని ఎవరూ ప్రభావితం చేయకూడదు

ముందే చెప్తున్నాను, నా మీద జాలిపడదామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. ముప్పైనాలుగేళ్ళు యూనివర్సిటీలో బాల్యం గురించి పాఠాలు చెప్పినదాన్ని. పిల్లలంటే ఏమిటో లోకంలో నాకొక్కదానికే తెలుసన్నంత ధీమాగా తిరిగినదాన్ని. అంత చదువూ వెలగబెట్టి, ఎనిమిదేళ్ళ పిల్లని చేతులారా పోగొట్టుకున్నాను. ఎవరూ లాక్కుపోలేదు. నేనే తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను.

ఆ పిల్ల నా మనవరాలు. కాలు ఒక్కచోట నిలవదని ఇంట్లో బొంగరం అంటాం. నా కూతురు పోయేనాటికి దానికి నాలుగేళ్ళు. అల్లుడు అప్పుడు మనిషి మనిషిలా లేడు. పిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "కొన్నాళ్ళు చూడండి అత్తయ్యా" అన్నాడు. ఆ కొన్నాళ్ళు నాలుగేళ్ళయ్యాయి. ఈలోపు తేరుకున్నాడు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, రైల్లో ఒకటిన్నర రోజు పట్టే ఊళ్ళో ఉద్యోగం చూసుకున్నాడు. ఇప్పుడొచ్చి, "నా కూతుర్ని నాకిచ్చేయండి" అన్నాడు. ఇవ్వనన్నాను. వ్యవహారం కోర్టుకెక్కింది. అతను దుర్మార్గుడైతే నాకెంత సుఖంగా ఉండేదో! కాడు. కాస్త ఏడుపుగొట్టు మనిషి, అంతే.

నా చదువు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా బుద్ధి తక్కువతనం మీకు పూర్తిగా అర్థం కాదు. పిల్లల గురించి పెద్ద పెద్ద తలకాయలు తలా ఒకటి చెప్పారు. ఒకాయన, పిల్లల బుర్ర ఖాళీ పలక, మనం ఏం రాస్తే అదే అన్నాడు. ఇంకొకాయన, కాదు, వాళ్ళు పుట్టుకతోనే మంచివాళ్ళు, పాడుచేసేది మనమే, వాళ్ళ మానాన వాళ్ళని వదిలెయ్యండి అన్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు పిల్లల బుద్ధికి మెట్లున్నాయన్నారు, ఫలానా వయసుకి ఫలానా మెట్టు. పాతకాలపు బొమ్మలూ రాతలూ తిరగేసి, బాల్యం అనేదే మనం మధ్యలో కల్పించుకున్న ఊహ అన్నవాళ్ళూ ఉన్నారు. అందరి వెనకాలా మా జట్టు దిగింది. పిల్లలు ఎప్పుడో తయారవబోయే మనుషులు కాదు, ఇవాళే మనుషులు, వాళ్ళ బతుకు సంగతి వాళ్ళకే బాగా తెలుసు, అడగండి, నోరు మూసుకుని వినండి అన్నాం. ఆ నోరు మూసుకోవడం గురించి అందరికన్నా పెద్ద నోరు పెట్టుకుని అరిచింది నేనే.

మా విభాగంలో నా ఎదురు గది మెట్ల మాస్టారిది. నాకన్నా పదేళ్ళు పెద్ద. మెట్ల సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడేవాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఒక సభలో ఆయన మాట్లాడుతుంటే లేచి, "మాస్టారూ, మీ మెట్లెక్కలేక పిల్లలు జారి పడుతున్నారు, కాస్త లిఫ్టు పెట్టించండి" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చేతిలో మిగిలిన రెండు కాగితాలూ చదవకుండానే దిగిపోయాడు. ఆ రోజు నా సంబరం చూడాలి!

తల్లిదండ్రులు కొట్లాడుకుంటే పిల్లలు ఎవరి దగ్గరుండాలో వాళ్ళనే అడగాలని పదహారు పేజీల పద్ధతి రాశాను. మా కోర్టులో అదే నడుస్తోంది. పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టాలి. మూడు వేర్వేరు రోజుల్లో అడగాలి. జవాబు అందించకూడదు. పిల్ల అన్న మాట అన్నట్టే రాయాలి. చివర్లో ఒక సలహా ఉంది. అడగబోయే ముందు నెల్లాళ్ళు పెద్దవాళ్ళెవరూ తమ కోరికని పిల్ల ముందు పెట్టకూడదు, పిల్లని ఎవరూ ప్రభావితం చేయకూడదు. అది సలహాయే, చట్టం కాదు. ఎవరూ పాటించరు. పాటించిన మొదటి మనిషిని బహుశా నేనే.

అల్లుడు రోజూ ఫోన్ చేసేవాడు. "నువ్వు లేకపోతే నాన్న ఉండలేడురా బంగారం" అని ఫోన్లోనే భోరుమనేవాడు. పక్క గదిలో నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. ఛీ, పసిపిల్ల దగ్గర ఈ ఏడుపులేమిటి, ఇంతకన్నా చవకబారు పని ఉంటుందా అనుకునేదాన్ని. నేను మాత్రం నిప్పులాంటిదాన్ని కదా! ఒకరోజు హోంవర్కు రాసుకుంటూ బొంగరం తలెత్తకుండా అడిగింది.

"అమ్మమ్మా, నేను వెళ్ళిపోతే నా మంచం ఏం చేస్తావు?"

గొంతు వణకనివ్వలేదు. "దాని గురించి నువ్వు బెంగపడకు. పుస్తకాలు పెట్టుకుంటాను. నీకెక్కడ ఉండాలనిపిస్తే అక్కడుండు, నీ ఇష్టమే ముఖ్యం" అన్నాను. ఎంత చక్కగా చెప్పానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పై వాటాలో మా చెల్లి ఉంటుంది. చదువు అబ్బలేదు, నోరు మాత్రం అబ్బింది. మెట్ల మీద బట్టలు ఆరేస్తూ ఇదంతా విని కిందికొచ్చింది. "నీకు మతి గాని పోయిందా అక్కా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. పిల్లని దగ్గరకి తీసుకుని, నాతోనే ఉండవే అని ఒక్క మాట అనలేవూ?"

"అది బరువవుతుందే పిల్లకి" అన్నాను.

"ఏం బరువే నీ మొహం! కావలసినదాన్నని తెలిస్తే ఎవరికైనా బరువా?"

"నీకు తెలియని విషయాల్లో వేలు పెట్టకు" అన్నాను. తడి బట్టల బకెట్టు పట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పిల్లల్ని అడిగే ఉద్యోగంలో ఉన్నది నా శిష్యురాలే. ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళంతా నా దగ్గర చదివినవాళ్ళే, ఇంకెవర్ని వేస్తారు? అల్లుడి లాయరు అభ్యంతరం కూడా చెప్పలేదు. నా పద్ధతి మీద నాకన్నా ఆయనకే నమ్మకం ఎక్కువ. మూడు రోజులూ అడగడం అయింది. శుక్రవారం పొద్దున శిష్యురాలు రిపోర్టు కవరు నా చేతికిచ్చింది. నా కళ్ళలోకి చూడలేదు.

"మూడుసార్లూ ఒకటే చెప్పింది మేడం. నాన్న దగ్గరికి వెళ్తానంది. సోమవారం జడ్జి గారు అదే ఖాయం చేస్తారు."

"నువ్వు సరిగ్గా అడగలేదు."

"మీరు నేర్పినట్టే అడిగాను మేడం" అంది. శిష్యురాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రిపోర్టు విప్పబుద్ధి కాలేదు. నాకు తోచిందల్లా ఒకటే. ఎనిమిదేళ్ళ పిల్ల మాటని లెక్కలోకి తీసుకోకూడదని ఎవరైనా పెద్దమనిషి రాసివ్వాలి. అలా రాసిచ్చే పెద్దమనిషి నాకు తెలిసి ఒక్కడే. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారే, అలా ఆటో మాట్లాడుకుని మెట్ల మాస్టారింటికి పోయాను.

ఆయన ఒక్కడే ఉంటున్నాడు. మోకాళ్ళు అరిగిపోయి వాకర్ పట్టుకుని నడుస్తున్నాడు. నన్ను గుమ్మంలో చూసి ఆశ్చర్యపోయాడు గాని, దెప్పలేదు. దెప్పినా బాగుండేది. "రండమ్మా" అని కుర్చీ మీది పాత పేపర్లు తీసి పక్కన పెట్టాడు. నేను కూర్చోకుండానే గడగడా చెప్పేశాను. ఎనిమిదేళ్ళ పిల్లకి ముందుచూపు ఉండదని రాయండి, ఎదురుగా ఏడ్చినవాళ్ళ వైపు మొగ్గుతుందని రాయండి, మీ మెట్లే నిజమని నేను కోర్టులో అందరి ముందూ ఒప్పుకుంటాను అన్నాను. ముప్పైనాలుగేళ్ళ నా చదువుని ఆయన గదిలో నేల మీద పరిచేశాను. సిగ్గుగా కూడా అనిపించలేదు.

"ఇంతకీ పిల్ల ఏమందో చదివారా?"

లేదన్నాను. ఆయన కవరు చింపి, కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు.

"'నాకు అమ్మమ్మ దగ్గరే బాగుంటుంది. కానీ అమ్మమ్మకి నేను అక్కర్లేదు. తిట్టదు, బాగానే చూస్తుంది. నేను వెళ్తే మంచం మీద పుస్తకాలు పెట్టుకుంటుంది. ఒకసారి కావాలనే బీరువా వెనకాల దాక్కున్నాను, చాలాసేపు. వెతకలేదు. ఎందుకు వెతకలేదని అడిగితే, నీకు ఒంటరిగా ఉండాలనిపించిందేమో అనుకున్నానంది. నాన్నకి నేను కావాలి. ఏడుస్తాడు. అమ్మమ్మ నాకోసం ఏడవలేదు. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి కదా ఆంటీ. అమ్మమ్మకి చెప్పకండి, నేను కనిపెట్టేశానని తెలిస్తే బాధపడుతుంది.'"

కాగితం మడిచి మళ్ళీ కవర్లో పెట్టాడు.

"నేను రాయలేనమ్మా. ఈ పిల్ల ఎవరి ఏడుపుకీ కరిగిపోలేదు. చూసిందంతా ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని లెక్క వేసింది. మీరు దానికి చూపించిన వాటితో నేను వేసినా అదే లెక్క వస్తుంది. మీరు చెప్పిందే నిజం. పిల్లలకి తెలుసు."

నా జీవితంలో నా వాదం అంత పూర్తిగా ఎవరూ ఒప్పుకోలేదు. ఆ మనిషి ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆయన మంచినీళ్ళు తేబోయి, వాకరూ గ్లాసూ రెండూ పట్టుకోలేక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఇంటికొచ్చేసరికి బొంగరం బడి నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటోంది. అలాగే ఎత్తి పట్టుకున్నాను. "నువ్వు నాకు కావాలే. నువ్వు లేకపోతే నేను బతకలేనే. అడక్కూడదనుకుని అడగలేదే తల్లీ, అంతే. వెళ్ళకే" అన్నాను. నాలుగేళ్ళ మాటలన్నీ ఒక్కసారి కక్కేశాను. అది బిగుసుకుపోయింది. సంతోషిస్తుందనుకున్నాను, నా పిచ్చిగాని! ఒక బూటు చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూస్తూ, "నిజంగానా?" అంది. నిజమన్నాను.

"అయితే ఇప్పుడు ఎవర్ని ఏడిపించాలి అమ్మమ్మా?"

శనివారం బొంగరం పాలు తప్ప ఏమీ ముట్టలేదు. ఆదివారం అవీ లేవు. ఎప్పుడూ గిరగిరా తిరిగే పిల్ల సోఫా మూల ముడుచుకుని, గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరుక్కుంది. శిష్యురాలికి ఫోన్ చేశాను. "మళ్ళీ అడిగించొచ్చు మేడం. కానీ ఈసారి జడ్జి గారే అడుగుతారు, మిమ్మల్నీ వాళ్ళ నాన్ననీ ఎదురుగా కూర్చోబెట్టి. మీరు కావాలంటే రేపు పొద్దున్నే మీ లాయరు చేత పిటిషన్ వేయిస్తాను" అంది. వేయించమన్నాను. అవును, అంత చూసి కూడా వేయించమన్నాను. మా చెల్లి కూడా, "ఇంకొక్క రోజు ఓర్చుకుంటే పిల్ల మనదే" అంది.

సోమవారం కోర్టు వరండాలో బెంచీ మీద నేనూ అదీ. ఆ చివర అల్లుడు నిలబడి ఉన్నాడు, గెడ్డం కూడా గీసుకోలేదు. బొంగరం ఒకసారి అటు చూసింది, ఒకసారి నన్ను చూసింది. ఉన్నట్టుండి వంగి తన బూట్ల మీదే వాంతి చేసుకుంది. కడుపులో ఏముంది గనక, పసరు. రుమాలుతో మూతి తుడుస్తుంటే దాని ఒళ్ళంతా వణుకుతోంది. "అమ్మమ్మా, నేను చెప్పను. నన్ను అడగొద్దని చెప్పవా" అంది. లోపల బంట్రోతు మా కేసు నంబరు పిలిచాడు.

బతిమాలి గెలుచుకోవడానికి నాకు దారి తెరిచే ఉంది. పిల్లని అందులోంచి ఈడ్చుకుపోవాలి, అంతే.

దాని ముందు కూలబడ్డాను. "ఒసేయ్, మొన్న నేనన్నానే, అది అబద్ధం" అన్నాను.

"ఏది?"

"నువ్వు లేకపోతే బతకలేనన్నది. కోర్టులో ఓడిపోతానని రోషమొచ్చి అన్నాను. నాకేం, హాయిగా ఉంటాను. రాసుకోవాల్సిన పుస్తకం ఉంది, బోలెడు పని ఉంది. నువ్వు ముందు చెప్పిందే చెప్పు."

కళ్ళు ఆర్పకుండా చూసింది. పిల్లల దగ్గర అబద్ధం దాగదని ఎన్ని వందల మందికి పాఠం చెప్పి ఉంటానో! దాగాలి, దాగాలి అనుకుంటూ మొహం రాయి చేసుకున్నాను. కాసేపటికి దాని భుజాలు కిందికి దిగాయి. పెద్దగా ఊపిరి వదిలింది. మొహంలోకి కాస్త రంగు వచ్చింది.

"నాకు తెలుసులే అమ్మమ్మా" అంది. నా చెంప మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరి, వాళ్ళ నాన్న దగ్గరికి పరిగెత్తింది.