కొవ్వుగడ్డకు ముహూర్తం

"టయానికి తినకుంటే గ్యాస్ రాక ఇంకేమొస్తాది?" అంది అత్త ఆదిలక్ష్మమ్మ, సౌందర్యకు వాము నీళ్ళ లోటా అందిస్తూ. టయానికి తిననిస్తే కదా! బాగలూరులో వాళ్ళది గులాబీ తోట. పొద్దున్నే పూలు కోసి, కట్టలు కట్టి, హోసూరు మార్కెట్ బండి ఎక్కించి, ఇంటిల్లిపాదికీ వడ్డించాక గానీ సౌందర్యకు కంచం దొరకదు. కడుపులో మెలిపెడితే గ్యాస్, కళ్ళు తిరిగితే సోమరితనం. మొగుడు దేవేంద్రది ఒకటే మాట: "పని అన్నప్పుడే వస్తాదేమే నీకు నొప్పి?"

ఒకరోజు కట్టలు కడుతూనే పూలమీద పడిపోయింది. పూలు నలిగాయి గనక ఆస్పత్రికి తీసుకుపోయాడు.

ఒంట్లో రక్తం సగానికి సగం లేదన్నారు. పైనుంచి గొట్టం వేసి చూశారు, కింది నుంచీ చూశారు. "చూసినావా, ఏమీ లేదంట!" అని దేవేంద్ర మురిసిపోయాడు. డాక్టరు దుర్గాదేవి వదల్లేదు. గొట్టాలు అందని చిన్నపేగు నడిమధ్య చూడాలని, మాత్రంత కెమెరా మింగించి, అది తీసే బొమ్మలు పట్టే బెల్టు నడుముకు కట్టి ఇంటికి పంపింది. ఆ బెల్టుతోనే సౌందర్య రాగిముద్ద కెలికింది. ఎక్కడ తన బొమ్మ పడుతుందోనని అత్త ఆరోజు వంటింటి గడప తొక్కలేదు! సౌందర్యకు మాత్రం ఒకటే సంబరం. తన లోపల ఏముందో చూడాలని ఇన్నాళ్ళకు ఒకరికి తోచింది.

చిన్నపేగులో గడ్డ కనబడింది. స్కాను తీస్తే కొవ్వుగడ్డ అని తేలింది. అక్కడ అరుదుగా వస్తుందట.

"క్యాన్సర్ కాదమ్మా," అంది డాక్టరమ్మ. "కానీ నెత్తురు కారుస్తా ఉంది, పేగును పేగులోకే లాగుతా ఉంది. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి ఆ పేగు ముక్క తీసేసి కుట్టేస్తాం. ఆలస్యం చెయ్యొద్దు."

దేవేంద్రకు మొదటి మాటే వినబడింది. "క్యాన్సర్ కాదు కదా! ముహూర్తాల సీజన్ అయిపోనీ, చేయిస్తాను. ఇప్పుడు పోతే పూలెవరు కట్టేది?" అన్నాడు ఇంటికొచ్చి అన్నం తింటూ.

సౌందర్యకు కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. గ్యాస్ కాదు, సోమరితనం కాదు, నటన అంతకన్నా కాదు. తను అబద్ధమాడలేదని స్కానే చెప్పింది. ఆ మాటకే ఆమెకు కొండంత ధైర్యం వచ్చేసింది.

"గురువారం పోయి చేరతాను. డాక్టరమ్మతో చెప్పొచ్చినాను. పూలు మీరు కట్టండి, వంట అత్త చూసుకుంటాది."

దేవేంద్ర తల్లివైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పమ్మా!"

"నా వల్ల కాదు," అంది ఆదిలక్ష్మమ్మ. వంట తన వల్ల కాదంటోందనుకుంది సౌందర్య. ముసలావిడ కంచం పక్కకు జరిపి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"నేనూ వస్తాను సౌందర్యా. వీడు పుట్టకముందు నుంచీ ఈడ నొస్తా ఉంది. మా అత్తకు చెప్తే నోరు మూసుకోమనింది, మూసుకున్నాను. గురువారం నన్నూ చూపించు."