ఇంటి నెత్తురు

కడప బండల మీద గోళ్ల చప్పుడు శివలీలను వదిలేది కాదు. మూడడుగులు బలంగా, నాలుగోది తడబడుతూ. కల్లూరులో ఆ ఇంటి పెరట్లో ఆమె భర్త బసవరాజు రాట్‌వైలర్ కుక్కలను పెంచి అమ్ముతాడు. అక్కడ పుట్టినవాటిలో చాలా కుక్కలు ముందుకాలి ఎముకకు క్యాన్సర్ వచ్చి కుంటుతూ పోయాయి. కుక్కలు పోయినా ఆ నడక మాత్రం పెరట్లోనే తిరుగుతూ ఉండేది. ఒక్కోసారి అవి కుక్క అడుగులేనా అని ఆమెకు అనుమానం కలిగేది.

ఆ మధ్యాహ్నం మగకుక్క రాకీతో జత కట్టించడానికి శివలీల డయానాను గొలుసుతో పట్టుకొని నిలబడి ఉండగా కృష్ణవేణమ్మ వచ్చింది. ఇక్కడ కొన్న కుక్క అదే జబ్బుతో చస్తే ఆమె మొన్ననే పాతిపెట్టింది.

"బసవరాజూ, ఈ డయానా రాకీ కూతురే కదూ?"

"అవునమ్మా. అయితే ఏం?"

"ఈ జబ్బు వచ్చే గుణం జన్యువుల్లో దిగుతుందని డాక్టరు చెప్పాడు. దగ్గరి నెత్తురును కలిపితే తల్లి వైపు లోపం, తండ్రి వైపు లోపం ఒకే పిల్లలో చేరతాయి. తెలిసి తెలిసి పుట్టించడం నేరం."

"కుక్క చస్తే కోర్టుకు పోతారేందమ్మా? పటం కట్టించి దండేసుకోండి!" అని బసవరాజు నవ్వాడు. "జాతి అంటేనే నెత్తురు బయటికి పోకుండా ఉండేది. నేను మా అక్క కూతుర్నే చేసుకుంటి. మాకేమైంది? ఏమే, నువ్వే చెప్పు."

శివలీలకు పుట్టింది ఇద్దరు కొడుకులు. బడికి పరుగెత్తే వయసులోనే పెద్దవాడి కాళ్లలో బలం పోయింది. తరువాత చిన్నవాడికీ అంతే. ఇద్దరూ మంచంలోనే కన్నుమూశారు. వంశంలోనిదేనని డాక్టర్లన్నారు. దిష్టి అన్నారు ఇంట్లోవాళ్లు.

"చెప్పమంటివి కదా మామా," అన్నది శివలీల. "బిడ్డలిద్దరూ నడక పోగొట్టుకొని సచ్చిపోయిరి. అదీ మనకైంది."

"కుక్కల కాడ ఆ మాటేందే!"

"కుక్కల కాడనే నాకు అర్థమైంది."

ఆమె కృష్ణవేణమ్మ వైపు తిరిగింది. "ఆటో పిలవండమ్మా. దీనికి పిల్లలు పుట్టకుండా చేయించాల. కొన్నోళ్లకంతా ఈ జబ్బు సంగతి నేనే చెప్తా."

బసవరాజు గొలుసు కోసం చెయ్యి చాపాడు.

"పెద్దోడి పేరు పలుకు మామా. పలికి తీసుకో."

బిడ్డలు పోయిన నాటి నుంచి ఆ పేరు ఎన్నడూ ఎత్తని మనిషి. పెదవులు కదిలాయి, మాట రాలేదు. చాపిన చెయ్యి అట్లాగే ఉండగా, ఆమె డయానాను నడిపించుకొని వీధిలోకి వెళ్లింది.